ఊరి చెరువు, ఇంగ్లిష్ పాఠం: పరిసరాల విజ్ఞాన బోధనలో భాషా వివాదం

మూడో తరగతి నుంచి ఐదో తరగతి దాకా మన బడుల్లో పరిసరాల విజ్ఞానం ఒక సబ్జెక్టు. మొక్కలు, జంతువులు, నీళ్లు, తిండి, ఇల్లు, పని, ప్రయాణం అందులో పాఠాలు. అన్నీ పిల్లలు ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తున్నవే. వాటిని బడిలో చెప్పే భాష మాత్రం ఇప్పుడు చాలామందికి ఇంగ్లిష్. ఇంట్లో మాట్లాడేది తెలుగో, ఉర్దూనో, గోండో, లంబాడీనో. ఇంగ్లిష్ ఇంకా పట్టుబడని పిల్లలకు ఇంగ్లిష్‌లో సైన్సు ఎలా చెప్పాలన్న ప్రశ్న అమెరికాలో యాభై ఏళ్లుగా నలుగుతోంది. మన దగ్గర అదే ప్రశ్న ‘తెలుగు మీడియమా, ఇంగ్లిష్ మీడియమా’ అన్న పెద్ద రగడలో కలిసిపోయి కనిపించకుండా పోయింది. మీడియం గురించి మాట్లాడిన వాళ్లు వందల మంది. ఆ మీడియంలో చెరువు పాఠం ఎలా చెప్పాలో మాట్లాడిన వాళ్లు అరుదు. ఈ వ్యాసం ఆ రెండో ప్రశ్న కోసం.

రెండు దారులు కలిసిన చోట

పర్యావరణం మన బడుల్లో తప్పనిసరి పాఠ్యాంశం కావడంలో న్యాయస్థానం పాత్ర పెద్దది. పర్యావరణ స్పృహ చదువులో భాగం కావాలని 1986 జాతీయ విద్యా విధానం చెప్పింది. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న దాన్ని అన్ని స్థాయిల్లో తప్పనిసరి చేయమంది. పుష్కర కాలం గడిచినా అమలు అంతంత మాత్రంగానే ఉండటంతో, నమూనా సిలబస్ తయారు చేయాలని 2003 డిసెంబరులో ఎన్‌సీఈఆర్‌టీని ఆదేశించింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం ప్రాథమిక స్థాయిలో సైన్సు, సాంఘికశాస్త్రం, పర్యావరణం కలిసే ఉండాలన్న ఆలోచనను గట్టిపరిచింది. తర్వాత వచ్చిన పుస్తకాల్లో నిర్వచనాలు తగ్గి ప్రశ్నలు పెరిగాయి. మీ ఇంటికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? ఎవరు మోస్తారు? వీధి ఎవరు ఊడుస్తారు? పిల్లవాడు చూసి, అడిగి, మాట్లాడి నేర్చుకోవాలన్నది ఆ సంస్కరణ సారం. 2023లో వచ్చిన కొత్త చట్రం సబ్జెక్టు పేరును ‘మన చుట్టూ ఉన్న ప్రపంచం’గా మార్చింది కానీ ఆ సారాన్ని మార్చలేదు.

ఇంగ్లిష్ మాధ్యమం వచ్చిన దారి వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో సక్సెస్ స్కూళ్ల పేరుతో ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఆరో తరగతి నుంచి సమాంతరంగా ఇంగ్లిష్ సెక్షన్లు మొదలయ్యాయి. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 81, 85 నంబర్ల జీవోలతో ఒకటి నుంచి ఆరో తరగతి వరకు ప్రభుత్వ బడులన్నిటినీ ఇంగ్లిష్‌కు మార్చబోయింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ జీవోలను కొట్టివేసింది. ఆ వెంటనే తల్లిదండ్రుల అభిప్రాయం సేకరించిన ప్రభుత్వం 96 శాతం మంది ఇంగ్లిష్‌నే కోరారని ప్రకటించి సుప్రీంకోర్టుకు వెళ్లింది. అదే ఏడాది ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు ఉన్న పుస్తకాలు వచ్చాయి. తెలంగాణ ప్రభుత్వం 2022-23లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిష్ మాధ్యమం ప్రవేశపెట్టి, తానూ రెండు భాషల పుస్తకాలనే ఇచ్చింది.

చట్టాలు కూడా తలోవైపు లాగుతున్నాయి. 2009 విద్యాహక్కు చట్టం సాధ్యమైనంత వరకు మాతృభాషలోనే బోధన ఉండాలంటుంది. ప్రాథమిక స్థాయిలో మాతృభాషా మాధ్యమాన్ని బలవంతంగా రుద్దే అధికారం ప్రభుత్వానికి లేదని కర్ణాటక కేసులో 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాష అంటూనే ‘వీలైన చోటల్లా’ అని వెసులుబాటు పెట్టింది. ఎవరికి కావలసిన వాక్యం వాళ్లకు దొరుకుతుంది.

ఇక్కడ ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. పరిసరాల విజ్ఞానం పిల్లల మాటల వైపు నడుస్తున్న సమయంలోనే బోధనా భాష ఆ మాటలకు దూరంగా నడిచింది. ఒకే శాఖ తీసుకున్న ఈ రెండు నిర్ణయాలను పక్కపక్కన పెట్టి చూసిన జాడ జీవోల్లో లేదు.

అమెరికా దారి

ఈ రంగంలో సిద్ధాంతాలు, పద్ధతులు ఎక్కువగా అమెరికా నుంచి వచ్చాయి కనుక ఆ చరిత్ర క్లుప్తంగానైనా తెలియాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లిష్ రాని చైనా సంతతి పిల్లలకు ఏ సాయమూ అందించకపోవడం వివక్షేనని 1974లో లావ్ వర్సెస్ నికల్స్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచరు ఇచ్చినంత మాత్రాన సమానత్వం కాదన్నది ఆ తీర్పు సారాంశం. సాయం ఏ రూపంలో ఉండాలో మాత్రం కోర్టు చెప్పలేదు. అక్కడి నుంచి లోలకం ఊగుతూనే ఉంది. కాలిఫోర్నియా ఓటర్లు 1998లో 227వ ప్రతిపాదనతో ద్విభాషా బోధనను దాదాపు మూసేశారు. 2016లో 58వ ప్రతిపాదనతో మళ్లీ తలుపు తెరిచారు. ఇప్పుడు అమెరికా మొత్తం మీద ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ ఇంకా పట్టుబడని పిల్లలు సుమారు 50 లక్షల మంది, అంటే పదిమందిలో ఒకరు.

సైన్సు బోధన వరకు చూస్తే మలుపు 2013లో వచ్చింది. ఆ ఏడాది వెలువడిన కొత్త సైన్సు ప్రమాణాలు వాదించడం, వివరించడం, నమూనా గీయడం వంటి పనులను సైన్సులో భాగం చేశాయి. ఓఖీ లీ, హెలెన్ క్విన్, గ్వాడలూపే వాల్డెస్ అదే ఏడాది రాసిన వ్యాసంలో పాత వరసను తిరగేశారు. ముందు పదాలు, వ్యాకరణం నేర్పి తర్వాత సైన్సు చెప్పడం కాదు, సైన్సు చేస్తుంటే ఆ అవసరం కోసం భాష వస్తుంది, తప్పుల ఇంగ్లిష్‌లోనూ మంచి సైన్సు వాదన సాధ్యమే అన్నారు. 2018లో అమెరికా జాతీయ అకాడమీల నివేదిక కూడా ఈ వైపే మొగ్గింది.

ఈ పద్ధతులను మన శిక్షణ తరగతుల్లోకి దించుకునే ముందు రెండు తేడాలు గుర్తుంచుకోవాలి. అమెరికాలో ఆ పిల్లలు అల్పసంఖ్యాకులు. ఆట స్థలంలో, దుకాణంలో, టీవీలో ఇంగ్లిష్ వాళ్ల చెవిన పడుతూనే ఉంటుంది. మన గ్రామంలో బడి గంట కొట్టాక ఇంగ్లిష్ వినపడదు. ఇది మనకు ప్రతికూలం. రెండోది అనుకూలం. అక్కడ చాలామంది టీచర్లకు పిల్లల ఇంటి భాష రాదు. బొమ్మలు, సైగలు, కుదించిన వాక్యాలు, ముందే ఇచ్చిన పదాల పట్టిక వంటి ఉపాయాలు ఆ లోటును పూడ్చుకోవడానికి ఎక్కువగా పనికొస్తాయి. మన టీచరమ్మకు, పిల్లలకు ఉమ్మడి భాష చాలాచోట్ల ఉంది. ఉన్న భాషను మూసిపెట్టి, లేనివాళ్ల ఉపాయాలను అరువు తెచ్చుకోవడం వింత ఏర్పాటు.

ఇంగ్లిష్ ముందు అనేవారు

వీరి వాదన రెండు అంతస్తుల్లో ఉంటుంది. పై అంతస్తు బోధనాశాస్త్రం. అర్థమయ్యే స్థాయిలో భాష నిరంతరం చెవిన పడితే దానంతటదే వస్తుందని 1980లలో స్టీఫెన్ క్రాషెన్ చెప్పిన మాట, 1965లో కెనడాలోని సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లిష్ పిల్లలను ఫ్రెంచ్‌లో ముంచి సాధించిన ఫలితాలు వీరికి ఊతం. అయితే సెయింట్ లాంబర్ట్ పిల్లల ఇంటి భాషకు సమాజంలో లోటు లేదు, తల్లిదండ్రులు కోరి చేర్చారు, టీచర్లు ఫ్రెంచ్‌లో దిట్టలు. క్రాషెన్ కూడా కాలిఫోర్నియా వివాదంలో ద్విభాషా బోధన పక్షానే నిలబడ్డారు. ఈ అంతస్తు అంత గట్టిది కాదు.

కింది అంతస్తు గట్టిది. అది సామాజిక న్యాయం. ధనికుల పిల్లలు, తెలుగు ఉద్యమకారుల పిల్లలు ఇంగ్లిష్ బడుల్లో చదువుతుంటే పేదల పిల్లలు మాత్రం భాషను కాపాడాలా అని కంచ ఐలయ్య షెపర్డ్ వంటి వారు వేసే ప్రశ్నకు తెలుగు పక్షం నుంచి సూటి జవాబు రాలేదు. పై చదువుల్లో, కోర్టుల్లో, ఉద్యోగాల్లో ఇంగ్లిష్ ఏలుతున్నంత కాలం ఆ ప్రశ్న పదును తగ్గదు. 96 శాతం లెక్క ఎలా సేకరించారన్న దాని మీద వాదించవచ్చు. తల్లిదండ్రుల కోరిక నిజం కాదని మాత్రం వాదించలేం.

ఇంటి భాష ముందు అనేవారు

జిమ్ కమ్మిన్స్ 1979లో మాటామంతీకి చాలే భాషను, చదువుకు కావలసిన భాషను వేరు చేసి చూపారు. కొత్త దేశానికి వచ్చిన పిల్లలకు మొదటిది రెండేళ్లలో వస్తే, రెండోదానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని అంచనా. మన దగ్గర మొదటిది కూడా చుట్టుపక్కల నుంచి దొరకదు కనుక ఈ లెక్క ఇంకా సాగుతుంది. ఐదో తరగతి పిల్లల్లో తేలిక ఇంగ్లిష్ వాక్యాలు చదవగలిగిన వారు దేశం మొత్తం మీద నాలుగో వంతు మాత్రమేనని 2022 అసర్ సర్వే తేల్చింది. 2016లోనూ దాదాపు అంతే.

సైన్సుకు నేరుగా తగిలే రుజువులు ఆసియాలో ఉన్నాయి. హాంకాంగ్ ఉన్నత పాఠశాలల మీద మార్ష్, హావ్, కాంగ్ 2000లో ప్రచురించిన అధ్యయనంలో ఇంగ్లిష్‌లో చదివిన చైనీస్ పిల్లలు ఇంగ్లిష్‌లో కొంత లాభపడ్డారు, చరిత్ర, భూగోళం, సైన్సులో బాగా నష్టపోయారు. గణితంలో నష్టం తక్కువ. మలేషియా 2003లో సైన్సు, గణితాలను ఇంగ్లిష్‌లోకి మార్చింది. గ్రామీణ పిల్లలు వెనకబడుతున్నారన్న ఆందోళనల మధ్య 2009లో వెనక్కి తగ్గుతున్నట్టు ప్రకటించింది. 2016 నుంచి కోరుకున్న బడులకు మళ్లీ ఇంగ్లిష్ అవకాశం ఇచ్చింది. ఒక దేశం పదమూడేళ్లలో మూడు మాటలు మార్చిందంటే, ఈ ప్రశ్నను ఉత్తర్వులతో తేల్చడం ఎంత కష్టమో తెలుస్తుంది.

మన నేల మీద జరిగిన ప్రయోగం కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్‌లది. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో లాటరీ ద్వారా వోచర్లు ఇచ్చి పిల్లలను ప్రైవేటు బడులకు పంపి, నాలుగేళ్ల తర్వాత పరీక్షించారు. 2015లో వెలువడిన ఫలితాల ప్రకారం తెలుగులో, గణితంలో ప్రభుత్వ బడి పిల్లలతో పోలిస్తే తేడా లేదు. హిందీలో మాత్రం వీరు మెరుగు. తెలుగు మాధ్యమం నుంచి ఇంగ్లిష్ మాధ్యమానికి మారడమే కొందరిని దెబ్బతీసి ఉండవచ్చని ఆ పరిశోధకులు సూచనప్రాయంగా అన్నారు. దీన్ని తుది తీర్పుగా ఎత్తి చూపేవారు ఆ ‘సూచనప్రాయం’ అన్న మాటను వదిలేస్తున్నారు.

ఈ పక్షానికీ ఒక బలహీనత ఉంది. పుస్తకాల్లోని తెలుగు ఇంటి తెలుగు కాదు. ‘చెట్లు నరికితే నేల కొట్టుకుపోతుంది’ అని పిల్లకు తెలుసు. ‘అటవీ నిర్మూలన మృత్తికా క్రమక్షయానికి దారితీస్తుంది’ అని పుస్తకం అంటుంది. ఎవరో చేసిన పనిని నామవాచకంగా మార్చి, చేసినవాడిని మాయం చేసే ఈ శైలి సైన్సు రాతకు ఎంత అవసరమో, పిల్లలకు ఎంత అడ్డమో హాలిడే, మార్టిన్ 1993లోనే ఇంగ్లిష్ విషయంలో విడమరిచారు. ఆ శైలి తెలుగులో పెట్టినంత మాత్రాన పిల్లకు దగ్గర కాదు. మాతృభాష అని జెండా ఎత్తేవారు ముందు ఆ పుస్తక భాషను దింపాలి.

రెండూ కావాలనేవారు

మూడో ధోరణి ఏ మీడియం అన్న ప్రశ్ననే పక్కన పెడుతుంది. బ్రయన్ బ్రౌన్, కిహ్యున్ ర్యూ 2008లో ఐదో తరగతి పిల్లలకు కిరణజన్య సంయోగక్రియ మీద ఒక ప్రయోగం చేశారు. కొందరికి శాస్త్రపదాలతోనే పాఠం మొదలుపెట్టారు. మరికొందరికి ముందు మామూలు మాటల్లో విషయం చెప్పి, అది అర్థమయ్యాక శాస్త్రపదాలు అందించారు. రెండో జట్టే మెరుగ్గా నేర్చుకుంది. పదం ముందా, భావం ముందా అన్న దానికి ఇది ఒక జవాబు.

పర్యావరణ బోధనకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మసాచుసెట్స్‌లోని చెచె కొనెన్ ప్రాజెక్టు. రోజ్‌బరీ, వారెన్, కొనాంట్ 1992లో దాని గురించి రాశారు. హైతీ క్రియోల్ మాట్లాడే పిల్లలు తమ బడిలో మూడో అంతస్తు కుళాయి నీళ్లే మంచివని నమ్మేవాళ్లు. ఏ నీళ్లు ఎక్కడివో చెప్పకుండా రుచి చూపిస్తే ఎక్కువమంది మొదటి అంతస్తు నీళ్లకు ఓటేశారు. ఎందుకిలా జరిగిందని ఉష్ణోగ్రత కొలిచారు, బ్యాక్టీరియా పరీక్షించారు. ప్రశ్న వాళ్లది, వాదన వాళ్లది, భాష వాళ్ల ఇష్టం. ఏడాది గడిచేసరికి ఊహ, రుజువు అన్న తేడాను వాళ్లు తమంతట తాము వాడటం మొదలుపెట్టారు. ఖరీదైన ప్రయోగశాల అక్కర్లేని పాఠమిది. మన బడిలోని బోరింగు నీళ్లు, మినరల్ వాటర్ క్యాన్ పక్కపక్కన పెట్టి నాలుగో తరగతిలో చేయదగ్గది.

ఒఫీలియా గార్సియా ప్రచారంలోకి తెచ్చిన భాషా సంచార సిద్ధాంతం ఇంకాస్త ముందుకు వెళ్తుంది. ద్విభాషి తలలో రెండు వేరు అరలు లేవు, ఉన్నది ఒకే నిధి, తరగతిలో దాన్నంతా వాడనివ్వాలంటుంది. జెఫ్ మెక్‌స్వాన్ వంటి భాషావేత్తలు అరలే లేవన్న మాటను ఒప్పుకోరు. మనకు ఆ తాత్విక తగవు కంటే ఆచరణ ముఖ్యం. మిశ్రమ భాష మన తరగతులకు కొత్తేమీ కాదు. టీచరు ఇంగ్లిష్ పేరా చదువుతారు, తెలుగులో అర్థం చెబుతారు, బోర్డు మీద జవాబు ఇంగ్లిష్‌లో రాస్తారు, పిల్లలు నోట్సులోకి ఎక్కించి బట్టీ పడతారు. ఇందులో రెండు భాషలూ టీచరువే. పిల్లల నోట మాట లేదు. చెచె కొనెన్‌లో కలిపి మాట్లాడింది పిల్లలు. మన శిక్షణల్లో ‘ద్విభాషా బోధన’ అన్న మాట ఈ తేడాను కప్పేస్తోంది.

మూడు ధోరణులనూ పక్కపక్కన పెడితే, మొదటిదాని భయం పేదల పిల్లలు అవకాశాలకు దూరమవుతారని. దాని ధీమా కాలం మీద. రెండోదాని భయం విషయం అర్థం కాకుండా పోతుందని. దాని ధీమా పుస్తకం మీద. మూడోది భయపడేది పిల్లల మౌనానికి. దాని ధీమా పూర్తిగా టీచరు మీద, అందుకే అది అన్నిటికంటే ఖరీదైనది.

గణితం వేరు, ఇది వేరు

భాషా వివాదంలో అన్ని సబ్జెక్టులనూ ఒకే గాటన కట్టడం పెద్ద లోపం. కూడికలకు అంకెలు, గుర్తులు సాయం వస్తాయి. హాంకాంగ్‌లో గణితం నష్టం తక్కువగా ఉండటానికి ఒక కారణం అదే కావచ్చు. పరిసరాల విజ్ఞానంలో ముడిసరుకంతా పిల్లల అనుభవం. ఆ అనుభవం ఇంటి భాషలో ఉంది. చెరువు కట్ట, తూము, అలుగు, ఎగువ కుంట నిండితే కింది చెరువుకు నీళ్లెలా దిగుతాయన్నది తెలంగాణ పల్లెపిల్లలు చూసి ఎరిగిన జలశాస్త్రం. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల వెనుక ఉన్న తెలివి అదే. ఆ పిల్లలకు ‘పాండ్’ అన్న మాట కింద తామరపువ్వు, బాతు ఉన్న బొమ్మ చూపిస్తే, తమకు తెలిసినదాన్ని బడి బయట వదిలి రమ్మన్నట్టే. అరిజోనాలోని టూసాన్‌లో మెక్సికన్ సంతతి ఇళ్లలోని విజ్ఞాన నిధుల గురించి లూయిస్ మోల్ బృందం 1992లో రాసింది ఇలాంటి సంగతే.

ఇక్కడ ఇంగ్లిష్ పక్షాన్నీ తెలుగు పక్షాన్నీ కలిపే పుస్తకం ఒకటుంది. ఇంగ్లిష్ మాధ్యమానికి గట్టిగా నిలబడే కంచ ఐలయ్యే 2007లో ‘టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్’ రాశారు. ఆదివాసులు, గొల్లలు, మాదిగలు, కుమ్మరులు, చాకళ్లు, మంగళ్లు తమ పనుల్లో పోగుచేసిన శాస్త్రజ్ఞానాన్ని పిల్లలకు చెప్పే పుస్తకం అది, రాసింది ఇంగ్లిష్‌లో. ఇంగ్లిష్ కావాలనడానికీ పిల్లల ఇంటి విజ్ఞానాన్ని గౌరవించడానికీ విరోధం అక్కర్లేదని దీన్నిబట్టి తెలుస్తుంది. మట్టి పదును తెలిసిన కుమ్మరి ఇంటి పిల్ల దాన్ని తన మాటల్లో చెప్పాక ‘క్లే’ అన్న మాట నేర్చుకుంటే నష్టం లేదు. తెలిసిన సంగతి చెప్పే వీలే లేకపోతేనే నష్టం.

తేలని చిక్కులు

ఎదురెదురు పేజీల పుస్తకం మంచి ఆలోచన. అర్థం కాని పిల్ల కళ్లు పక్క పేజీకి తిప్పుకోవచ్చు, ఇంట్లో పెద్దలు తెలుగు పేజీ చదివి చెప్పవచ్చు. కానీ అందులో తెలుగు పేజీ ఇంగ్లిష్ పేజీకి నకలు. స్థానిక అనుభవానికి ఇంగ్లిష్‌లో చోటు లేకపోతే తెలుగులోనూ ఉండదు. ప్రశ్నలు రెండు భాషల్లో అడిగే పుస్తకం జవాబు ఏ భాషలో కావాలో చెప్పదు. దాన్ని చెప్పేది బడిలో పెట్టే ఎఫ్ఏ (ఫార్మేటివ్), ఎస్ఏ (సమ్మేటివ్) పరీక్షలు.

ఏ తరగతిలో ఇంగ్లిష్‌కు మారాలన్నది ఇంకా తెగని ప్రశ్న. మూడేళ్లు చాలంటే తొందరపాటు, ఎనిమిదేళ్లంటే తల్లిదండ్రులు ఆగరు. నోటితో రెండు భాషలూ వాడిన పిల్లలు రాతలో ఒకే భాషకు ఎప్పుడు, ఎలా కుదురుకుంటారన్నది మూడో ధోరణి వాళ్లు తేల్చాల్సిన లెక్క. తామే తెలుగు మాధ్యమంలో చదివిన టీచర్ల ఇంగ్లిష్ సంగతి అందరికీ తెలుసు. కొద్దిరోజుల శిక్షణతో మాట్లాడే ధైర్యం రావచ్చు. పిల్లలు అనుకోని ప్రశ్న అడిగినప్పుడు దాన్ని ఇంగ్లిష్‌లో సాగదీసే నేర్పు అంత త్వరగా రాదు.

గిరిజన పిల్లల సంగతి వస్తే రెండు పక్షాలూ తడబడతాయి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒరియా భాషల్లో తెలుగు లిపితో ప్రాథమిక పుస్తకాలు తయారై బడుల్లోకి వెళ్లాయి. అడవి, వేట, పోడు, దుంపలు, పండగలు ఆ పుస్తకాల్లోకి ఎక్కాయి. నిజానికి పరిసరాల విజ్ఞానానికి ఆనాటి పని మంచి నమూనా. తర్వాత మాధ్యమం చర్చంతా తెలుగు, ఇంగ్లిష్‌ల పోటీ అయ్యేసరికి ఆ ఎనిమిది భాషలూ లెక్కలోంచి జారిపోయాయి. సీతంపేట కొండల్లోని సవర పిల్లకు తెలుగు పేజీ కూడా పరాయి పేజీయే.

చేయదగినది

కోర్టులు ఏం చెబుతాయో, రాబోయే ప్రభుత్వాలు ఏ జీవో తెస్తాయో చూస్తూ కూర్చోనక్కర్లేదు. ఇంగ్లిష్ సబ్జెక్టుకు గంటలు పెంచండి, టీచర్లను పెంచండి, పిల్లలకు కథల పుస్తకాలివ్వండి. ఇంగ్లిష్ నేర్పే బరువును మాత్రం చెరువు పాఠం మీద, పురుగు పాఠం మీద మోపకండి. ఇప్పటికే ఉన్న రెండు భాషల పుస్తకాలకు తోడుగా రెండు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీలు ఇవ్వగల చిన్న ఉత్తర్వు ఒకటుంది. ఐదో తరగతి పూర్తయ్యే దాకా పరిసరాల విజ్ఞానంలో పిల్లలు తెలుగులో రాసినా, ఉర్దూలో రాసినా, ఇంగ్లిష్‌లో రాసినా, కలగలిపి రాసినా, బొమ్మ గీసి నోటితో చెప్పినా మార్కు విషయానికే పడాలి. దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. ప్రశ్నపత్రం మీద ఒక వాక్యం, పేపర్లు దిద్దే టీచర్లకు ఒక సూచన సరిపోతాయి.